తెల్ల చక్రాల మీద బూడిద

సింహాచలమ్మ రోజూ పొద్దున్నే ముఖం కడుక్కుని, పొయ్యి అంటించక ముందే వాకిట్లో తూర్పు ముఖంగా కూర్చుంటుంది. అరచేతిలో నాలుగు చుక్కల కొబ్బరినూనె వేసుకుని ఒక్కో వేలికీ రాసుకుంటూ, ముందురోజు తనకు మేలు చేసినవాళ్లను ఒక్కొక్కరినే తలుచుకుంటుంది. ఆటోలో పక్కకు జరిగి చోటిచ్చిన కాలేజీ పిల్ల ఒక వేలికి, కుళాయి దగ్గర తన బిందె ముందు పెట్టించిన ముసలాయన ఇంకో వేలికి. పేరు తెలియకపోతే ‘ఆ ఎర్ర చీర తల్లి’ అనుకుంటుంది. పది వేళ్లూ అయ్యాక రావివలస ఎండల మల్లన్నకు ఒక దండం పెట్టి లేస్తుంది.

పక్కన మంచం మీద పడుకున్న ఆమె భర్త సన్యాసయ్యకు ఇది రోజూ వేడుక.

“నా పేరు ఏ ఏలికొచ్చిందే ఈయాల?”

“నువ్వు నిన్న ఏటి సేసినావని, మావా?”

“కూరలో ఉప్పు ఎక్కువైనాది. నోరెత్తకండా తినీసినాను. అది మేలు కాదేటి?”

“అయితే సిటికినేలు నీది” అని ఆ వేలికి ఇంకొంచెం నూనె రాస్తుంది.

ఆ వేళ్లమీద గీతలు ఉండవు. కాశీబుగ్గ జీడి బట్టీలో ఇరవై రెండేళ్లు పిక్కలు కొట్టిన చేతులవి. జీడి పిక్క పగిలినప్పుడు తొక్కలోంచి కారే జిగురు చర్మాన్ని కాల్చేస్తుంది. అందుకని అక్కడి ఆడవాళ్లు చేతులు బూడిదలో ముంచుకుని పనికి కూర్చుంటారు. సాయంత్రం ఇంటికెళ్లే ముందు అదే బూడిద, గుప్పెడు కొబ్బరి పీచు పట్టుకుని, నల్లబడ్డ వేళ్లను మెరిసేదాకా తోముకుంటారు. అలా తోమి తోమి సింహాచలమ్మ వేలిముద్రలు అరిగిపోయాయి. రేషను కొట్లో మిషను మీద వేలు పెడితే అది ఆమెను గుర్తుపట్టదు. డీలరు భార్య విసుక్కోకుండా కంటి మిషను తెచ్చి పట్టుకుంటుంది. ఆమెకూ ఎన్నోసార్లు ఒక వేలు దక్కింది.

చేతుల చర్మం పగిలి రక్తం కారడం మొదలయ్యాక బట్టీ పని మానెయ్యమని డాక్టరు చెప్పాడు. ఇంట్లో కూర్చుంటే ఎలా గడుస్తుందో తెలియని రోజుల్లో ఆమెను పిలిచినవాడు మహీధర్. బట్టీ ఎదురుగా రోడ్డు పక్కన అతనికి కార్లు కడిగే వాటర్ సర్వీసింగ్ షెడ్డు ఉంది. ఏళ్ల తరబడి ఆమె అతని కుళాయి దగ్గరే మంచినీళ్లు పట్టుకునేది.

“జీడిలో ఉండే సెయ్యి నీళ్లలో ఉంటే కాస్త సల్లబడతాది. రా అప్పా, నాకూ ఒక మనిషి కావాల” అన్నాడు, సొంత అక్కను పిలిచినట్టు.

ఆమె మూడు నెలల్లో అద్దాలు తుడవడం, కాళ్ల కింద మ్యాట్లు ఉతకడం, సబ్బు నురగతో బండి ఒళ్లు కడగడం నేర్చుకుంది. చక్రాలు మాత్రం మహీధర్ తనే చూసుకునేవాడు. “వాటి పని తరవాత సెప్తాను” అనేవాడు. ఆ తరవాత ఇంకా రాకముందే కాంతమ్మగారి బండి వచ్చింది.

కాంతమ్మగారిది కంచిలి దగ్గర పల్లె. కొబ్బరి తోటలూ, జీడి తోటలూ ఉన్న పెద్ద రైతు ఇల్లు. డెబ్బై దాటిన ఆవిడకు దూరపు చూపు ఆనదు. అందుకని కారు కొన్న వారానికే దాని చక్రాలకు తెల్ల రంగు వేయించింది. అరుగు మీద కూర్చున్నప్పుడు వీధి మలుపులో తిరిగేది తన బండో కాదో తనకు తెలియాలంది. ఆ చుట్టుపక్కల తెల్ల చక్రాల బండి అదొక్కటే.

ఆ బండి ఆవిడ ఒక్కదాని కోసమే తిరగదు. వాళ్ల ఊళ్లో కిడ్నీలు పాడైనవాళ్లు నలుగురున్నారు. మంగళవారం, శుక్రవారం ఆ నలుగురినీ కాశీబుగ్గ పక్కనే ఉన్న పలాస ఆసుపత్రికి డయాలసిస్‌కు పంపిస్తుంది. డ్రైవరు ఈశ్వర్‌కు ముప్పై ఏళ్లుంటాయి. ఆ నలుగురిలో పెద్దతల్లి అనే ఆమె అతని కన్నతల్లే. వాళ్లను లోపల మంచాల మీద పడుకోబెట్టి, నాలుగు గంటల ఖాళీలో ఈశ్వర్ బండిని షెడ్డుకు తెచ్చేవాడు.

తెల్ల చక్రాలకు పెద్ద శత్రువు బ్రేక్ డస్ట్. బ్రేకు తొక్కినప్పుడల్లా లోపల ఇనుమూ, ప్యాడ్లూ ఒరుసుకుని సన్నటి నల్ల పొడి రాలుతుంది. వేడివేడిగా ఎగిరి చక్రం మీద పడుతుంది. దానికి ఈ ఉద్దానం ప్రాంతపు సముద్రపు గాలిలో ఉప్పూ, రాత్రి మంచూ తోడైతే ఆ పొడి రంగులోకి దిగి తుప్పు చుక్కలుగా మారుతుంది. వేరే బండ్లకైతే ఎవరి కంటా పడదు. కాంతమ్మగారి బండికి మాత్రం తెల్ల పంచె మీద తాంబూలం ఉమ్మినట్టు కనిపించేది.

ఆ శుక్రవారం మహీధర్ షెడ్డులో లేడు. నీళ్ల మోటారు పాడైతే సామాను కోసం టెక్కలి వెళ్లాడు. ఈశ్వర్ బండి ఆపి దిగుతూనే దిగాలుగా బల్ల మీద కూర్చున్నాడు.

“ఏటి బాబూ, అమ్మకి బాగుందా?” అంది సింహాచలమ్మ.

“అమ్మ బాగానే ఉంది పిన్నీ. నా పనే బాగునేదు. మొన్న అమ్మగారు కొంగుతో సక్రం తుడిసి సూసినారు. కొంగు నల్లబడిపోనాది. నా మొకం దానికంటే నల్లబడిపోనాది.”

“ఏటన్నారేటి?”

“ఇంకోపాలి ఇలాగుంటే ఇంకో డ్రైవర్ని సూసుకుంతానన్నారు. ఆవిడ ఊరికే అనరు. ముందటి డ్రైవరు అలాగే పోనాడు. ఈ పని పోతే నాను సెన్నై బయల్దేరాల. అమ్మని వారానికి రెండుపాల్లు ఎవులు తీసుకొత్తారు?”

ఆ మాట సింహాచలమ్మకు గుచ్చుకుంది. తనకు పని ఇచ్చిన షెడ్డులో, తన కళ్లముందు, ఒక మనిషి చక్రం మీది మరకకు పని పోగొట్టుకుంటానంటున్నాడు.

“మహీధర్ బాబు వొచ్చేసరికి మద్దేన్నమైపోద్ది. నువ్వెల్లి టీ తాగు. నాను సూత్తాను” అంది.

ముందరి రెండు చక్రాల మీదే మురికి ఎక్కువ. బండి అప్పుడే ఆగింది కాబట్టి అవి కాగిన పెనంలా ఉన్నాయి. ఆమెకు ఆ సంగతి తెలియదు. సబ్బునీళ్లు పోస్తే సుయ్యిమని ఎండిపోయాయి. స్పాంజితో పామితే పైపైన నలుపు వదిలింది గాని లోపలి చుక్కలు కదల్లేదు. వేలితో గీకి చూసింది. గట్టిగా, నల్లగా, మొండిగా ఉంది. ఇరవై రెండేళ్లు తన చేతులను పట్టుకున్న జీడి మరక లాగే ఉంది. జీడి మరకకు ఏం చెయ్యాలో ఆమెకు బాగా తెలుసు.

పక్కనే జగదాంబ టీ కొట్టు. ఆమె ఇప్పటికీ కట్టెల పొయ్యి మీదే టీ కాస్తుంది. సింహాచలమ్మ వెళ్లి పాత రేకు డబ్బాలో బూడిద అడిగింది.

“ఈయాల పళ్లు తోముకోనేదేటప్పా?” అంది జగదాంబ బూడిద తోడిపెడుతూ.

“కారు పళ్లు తోమాలమ్మా.”

కొబ్బరి పీచు షెడ్డు వెనకాలే దొరికింది. బూడిద తడిపి, పీచుకు అద్ది, గిన్నె తోమినట్టు గుండ్రంగా, మల్లన్నా మల్లన్నా అనుకుంటూ ముందరి రెండు చక్రాలనూ తోమింది. బూడిద నల్లబడే కొద్దీ చక్రం తెల్లబడింది. బకెట్టు నీళ్లు గుమ్మరిస్తే కడిగిన బియ్యంలా మెరిసింది. ఈశ్వర్ టీ గ్లాసుతో వచ్చి చూసి నోరు తెరిచాడు.

“పిన్నీ, నువ్వు ఇన్నాళ్లూ ఎక్కడున్నావే” అని జగదాంబను కేకేసి ఆమెకూ ఒక టీ చెప్పాడు.

ఆ టీ సగం తాగేసరికి చక్రాల మీద తడి ఆరింది. ఆరిన చోటల్లా రంగు చచ్చిపోయి, సున్నం గోడలా పాలిపోయింది. ఎండ ఏటవాలుగా పడేసరికి చక్రం నిండా గీతలు కనిపించాయి. గుండ్రంగా, ఒకదాని మీద ఒకటి, వందలకొద్దీ గీతలు.

ఆమె గ్లాసు కింద పెట్టేసింది. ఈశ్వర్ చక్రం దగ్గర గొంతుక్కూర్చుని గీతల మీద వేలు తిప్పి చూశాడు. తిడతాడేమోనని ఆమె తల వంచుకుని నిలబడింది. అతను లేచి చేతులు దులుపుకున్నాడు.

“నా కోసమే కదా తోమినావు. ఊరుకో పిన్నీ” అన్నాడు. “సముద్రం పక్క రోడ్డులో ఇసకలో దిగబడిపోనాదని సెప్తాను. నీ పేరు ఎత్తను. నీకూ కొత్త పనే కదా.”

“నా తప్పుకి నువ్వు అబద్దమాడతావేటి బాబూ?”

“ఏటి సేత్తాం మరి? ఇద్దరి పనీ పోవాలేటి?”

మహీధర్ పన్నెండింటికి వచ్చాడు. ఆమె జరిగిందంతా దాచకుండా చెప్పింది. అతను చక్రాన్నీ, బూడిద డబ్బానూ, ఆమె ముఖాన్నీ ఒకసారి చూశాడు. కోపం వచ్చే ఉంటుంది. అయినా ముందు మోటారు సామాను సంచి కింద పెట్టి, నీళ్లు తాగి, అప్పుడు మాట్లాడాడు.

“తప్పు నాదే అప్పా. సక్రాల పని తరవాత సెప్తానని మూడు నెలలు తోసీసినాను. ఇది జీడి మరక కాదు. ఇనప పొడి. రంగులోకి గుచ్చుకుని కూకుంటాది. తోమితే ఆ పొడే గరుకు కాయితమైపోయి రంగుని గీసేత్తాది. దీనికి బలం పనికిరాదు. నానబెట్టాల, బతిమాలాల.”

వెనక చక్రాలు రెండూ ఆమె ఇంకా ముట్టుకోలేదు. వాటి మీద ఆమె చేతే పని చేయించాడు. మొదట చక్రం చల్లబడిందో లేదో అరచేయి తిప్పి, చేతి వెనక వైపు ఆనించి చూడమన్నాడు. బండిని నీడలోకి జరిపించాడు. ఉత్తి నీళ్లతో వదులు మట్టి పోయేదాకా కడిగించాడు. ఇనుమును కరిగించే మందు ఒకటి సీసాలోంచి చల్లించాడు. ఒక నిమిషం తరవాత చక్రం మీద చుక్కచుక్కకీ వంకాయ రంగు పుట్టి కిందికి కారింది.

“రగతం కారినట్టుందేటి బాబూ” అంది ఆమె భయపడి.

“అది కరుగుతున్న ఇనుము. కారనీ. ఆరిపోనీకుండా సూడు, అంతే.”

తరవాత మెత్తటి బ్రష్షుతో మూలమూలకూ తిప్పి, మళ్లీ కడిగించాడు. ఇంకా మిగిలిందేమో చూడటానికి ఆమె చేతికి పల్చటి పాలిథిన్ కవరు తొడిగి చక్రం మీద నెమ్మదిగా జరపమన్నాడు. వట్టి చేతికి నున్నగా ఉన్న చోట, కవరు చేతికి బియ్యంలో రాయి తగిలినట్టు తగిలింది. తగిలిన చోట సబ్బునీళ్లు చల్లి మెత్తటి బంకమట్టి ముద్దలాంటి క్లేతో జారుడుగా రుద్దితే ఆ పలుకు ముద్దకు అంటుకుని వచ్చేసింది. చక్రానికి ఒక్క గీత పడలేదు. అసలు రంగు తెల్లగా బయటపడింది. తన చేతికి ఇంత మెత్తగా పని చేయడం వచ్చా అని ఆమెకే ఆశ్చర్యమేసింది.

ఈలోగా మహీధర్ ముందరి చక్రాలకు పాలిష్ పెట్టి గుడ్డతో గంటన్నర రుద్దాడు. సగం గీతలు పోయాయి. సగం ఉండిపోయాయి. “ఇంతకంటే రుద్దితే రంగే పోద్ది” అని గుడ్డ పక్కన పెట్టాడు.

రెండు దాటాక ఈశ్వర్ ఆసుపత్రికి వెళ్లి నలుగురినీ ఎక్కించుకుని, టైర్లకు గాలి కొట్టించాలని మళ్లీ షెడ్డు ముందు ఆగాడు. పెద్దతల్లి చేతికి పట్టీ ఉంది. ముఖం వాడిపోయి ఉంది. కిటికీలోంచి తల బయట పెట్టి చక్రం చూసి, “ఎంత తెల్లగయ్యిందిరా” అంది. తనకిచ్చిన బిస్కెట్ పొట్లంలోంచి రెండు తీసి సింహాచలమ్మ చేతిలో పెట్టింది. “ఎండలో నిలబడి కడుగుతావు, తిను తల్లీ” అంది. సింహాచలమ్మ వాటిని తినకుండా కొంగున ముడేసుకుంది.

మరునాడు శనివారం. ఆమె ఉతికిన చీర కట్టుకోవడం చూసి సన్యాసయ్య ఎక్కడికని అడిగాడు.

“కాంతమ్మగారి ఊరెల్తాను. నానే తోమినానని సెప్పేసి వొత్తాను.”

“ఆడు సెప్పుకుంతానన్నాడు కదే. ఆవిడ నోరు మంచిది కాదంట. మహీధర్ బాబుకి కబురెట్టి నీ పని తీయించేత్తే?”

“తీయించేత్తే తీయించెయ్యనీ మావా. ఆడి యెనకాల అమ్మ ఉంది. నా యెనకాల నువ్వున్నావు కదా.”

ఆ మాటకు సన్యాసయ్య మెత్తబడి, కంచిలి బస్సెక్కేదాకా తోడు వచ్చాడు.

కాంతమ్మగారు అరుగు మీద కూర్చుని కొబ్బరాకులోంచి ఈనెలు చీరుతోంది. ఈశ్వర్ జీడి బస్తాల పని మీద సోంపేట వెళ్లాడని, బస్తాలకు వేరే ఆటో కట్టారని పనిమనిషి చెప్పింది. తెల్ల చక్రాల బండి రేకుల కింద ఉంది.

“ఎవరే నువ్వు? దగ్గరికి రా. దూరంగా నిలబడితే నాకు ఆనవు” అంది కాంతమ్మ.

“మీ బండి సక్రాలు పాడు సేసింది నానేనమ్మా. కాశీబుగ్గ షెడ్డులో పని సేత్తాను.”

కాంతమ్మ ఈనెలు పక్కన పెట్టింది.

“ఈశ్వరుడు ఇసకలో దిగబడిందన్నాడు మరి. ఇసక గీతలు గిన్నె తోమినట్టు గుండ్రంగా పడతాయేటి? నాకు దూరం ఆనదు గాని దగ్గర బాగానే ఆనతాది. తప్పు సేసినోడిని ఉంచుకోవచ్చు. అబద్దమాడినోడి సేతిలో నలుగురు రోగుల్ని ఎలా పెడతానే? ఇంకొకడికి కబురెట్టినాను. సోమారం వొత్తాడు.”

తనను కాపాడటానికి చెప్పిన మాటే అతని పనికి ముప్పు తెచ్చింది. ఆమె అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయి మొత్తం చెప్పింది. మోటారు పాడవడం, వేడి చక్రం, జగదాంబ పొయ్యిలో బూడిద, ఈశ్వర్ అన్న మాటలు, ఏదీ వదల్లేదు.

“ఆడు ఆడి కోసం ఆడలేదమ్మా ఆ అబద్దం. నా పని పోతాదని ఆడినాడు. తప్పంటే నాది. సిచ్చ నాకెయ్యండి.”

“బూడిదేటే, కారుకి?”

“జీడి మరకనుకున్నానమ్మా.”

“ఏదీ, సేతులు సూపించు.”

ఆమె చూపించింది. కాంతమ్మ ఆ చేతులను కళ్లకు దగ్గరగా తెచ్చుకుని తన బొటనవేలితో తడిమింది. గీతల్లేని వేళ్ల మీద కాసేపు వేలు నిలిపింది.

“ఎన్నేళ్లు కొట్టినావు పిక్కలు?”

“ఇరవై రెండేళ్లమ్మా.”

“మా తోట పిక్కలు కూడా నీ సేతుల్లో పగిలే ఉంటాయి” అంది కాంతమ్మ. లేచి, గోడ పట్టుకుని, ఆమెను బండి దగ్గరికి తీసుకెళ్లింది. ముందర బానెట్ మీద అరచేయంత వినాయకుడి స్టిక్కర్ ఉంది. దాని అంచు గోటితో పైకెత్తింది. కింద ఎర్ర రంగు మీద గుండ్రంగా గీతలు.

“బండి వొచ్చిన రోజు పూజ సేసి పసుపు పూసినాను. మర్నాడు మరక పోనేదు. కొబ్బరి పీచెట్టి నానే తోమినాను. ఎవులికీ సెప్పనేదు. తరవాత ఈ బొమ్మ అంటించీసినాను. అందరూ నాకు బక్తి ఎక్కువనుకుంతన్నారు.”

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ముందు కాంతమ్మే నవ్వింది. సింహాచలమ్మకు నవ్వూ, కళ్లనీళ్లూ కలిసి వచ్చాయి. కాంతమ్మ స్టిక్కర్ అంచు మళ్లీ నొక్కి అంటించి, ఆమెను లోపలికి పిలిచి కొబ్బరినీళ్లు ఇప్పించింది.

“ఉంటాడులే నీ ఈశ్వరుడు. సోమారం వొచ్చేవోడిని వొద్దంటాను” అంది.

ఇది జరిగి రెండేళ్లయింది. ఆ శనివారం దాటిన మంగళవారం ఈశ్వర్ ఎగురుకుంటూ షెడ్డుకు వచ్చి, “అమ్మగారు నమ్మేసినారు పిన్నీ. ఇసక మాట నాను అంత బాగా సెప్పినాను మరి” అన్నాడు. ఆమె చక్రానికి చేతి వెనక వైపు ఆనించి వేడి చూసింది. ఇప్పుడు షెడ్డులో చక్రాల పని అంతా ఆమెదే. టెక్కలి నుంచి కూడా కొత్త బండ్లవాళ్లు వచ్చి, కవరు తొడుక్కుని చక్రం తడిమే అప్ప ఎక్కడని అడుగుతారు. పెద్దతల్లి ఆసుపత్రికి వెళ్లే దారిలో కిటికీలోంచి చేయి ఊపుతుంది. ముందర చక్రాల మీది గీతలను ఆ మరుసటి పండక్కి మహీధర్ కొత్త రంగు వేయించి మాయం చేశాడు. మంగళ, శుక్రవారాలు ఈశ్వర్ ఆ ఇసక కథను ఇంకా కొంచెం పెంచి చెబుతూనే ఉంటాడు. ఆమె వింటూనే ఉంటుంది.

ఎందుకంటే ఆ శనివారం కొబ్బరినీళ్లు తాగి, గ్లాసు కడిగి బోర్లించి, గుమ్మం దిగబోతూ ఆమె ఆగింది.

“సాయంత్రం ఆడు రాగానే పిలిసి సెప్తాను, నువ్వొచ్చి అంతా సెప్పినావని. సిగ్గు తెచ్చుకుంటాడు” అంటోంది కాంతమ్మ.

సింహాచలమ్మ రెండు చేతులూ జోడించింది.

“అమ్మా, ఒక్కటి అడుగుతాను, కాదనకండి. నానొచ్చినట్టు ఆడికి తెలీనీకండి. నన్ను కాపాడినానని అనుకుంతన్నాడు. అలాగే అనుకోనీండి.”